దాచిపెట్టమన్న గుండిగ

ఆత్మకూరు బజారువీధిలో నేను కూర్చున్న అరుగు మీద ఇప్పుడు మా మేనల్లుడు కూర్చుంటున్నాడు. చూపు మందగించినాక నేను ఆకురాయి కింద పెట్టేసినాను. ఈ పని నేర్చుకుంటామని ఇప్పుడు కూడా ఒకరిద్దరు వస్తానే ఉంటారు. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే, ఎన్నాళ్ళకు చేతికి పట్టుబడతాది అని. అది ఇవాళ కాకపోతే రేపు పట్టుబడతాది, దానికి నా మాటతో పనిలేదు. నేను చెప్పాల్సింది వేరే ఉండాది. అది తెలుసుకునేదానికి నాకు ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు కావాల్సి వచ్చింది.

మా పని ఏందంటే

మా నాయన కంచరి. బిందెలు, చెంబులు కొట్టేవాడు, పాతవాటికి కళాయి పూసేవాడు. నేను కూడా అదే చేసినాను గాని, నాకు అంతకంటే మరమ్మతు మీద యావ ఎక్కువ. తాళం పాడైతే నా దగ్గరికి, త్రాసు ముల్లు వంగితే నా దగ్గరికి, దొరల ఇండ్లలో గడియారం ఆగితే కూడా నా దగ్గరికే. లోపల విరిగిన ముక్క కొత్తది కావాలంటే మద్రాసు పోవాల. ఎవుడు పోతాడు? అందుకని ఇంట్లో ఉన్నదానితోనే చేసేవాణ్ణి. గొడుగు పుల్లతో సన్నని ఇరుసు, గాజు ముక్కతో ఆ ఇరుసు తిరిగే కుదురు, నెమలి ఈకల కాడతో గొట్టం. బర్రెకొమ్మును కాగే నూనెలో ముంచి తీస్తే మెత్తబడతాది, కావలసిన వంపు వంచుకోవచ్చు. ఉదయగిరి కొండ మీది కలివి కర్ర బాగా ఆరితే పళ్ళ చక్రాలకు పనికొస్తాది. పచ్చికర్ర వాడినావంటే ఎండాకాలంలో పగులుతాది, నీ పేరు కూడా దాంతోపాటే పగులుతాది.

తప్పులు చేయకుండా ఎవరూ నేర్వలేదు. మిషన్ బడిలో పాటలు పాడేటప్పుడు వాయించే పెట్టె ఒకటి తెచ్చినారు. లోపలి తోలు ఊడిందని నన్ను పిలిచినారు. బియ్యప్పిండి ఉడకేసి ఆ బంకతో అతికించి, మంచి పని చేసినానని మీసం దువ్వుకుంటా వచ్చినాను. వారం తిరక్కముందే బొద్దింకలు ఆ బంకను తినేసి, తోలును కూడా కొరికి పెట్టినాయి. ఆదివారం ప్రార్థనలో ఒక్క స్వరం పట్టుకుని అది అరుస్తా ఉండాదంట, ఆపేదానికి ఎవరి వల్లా కాలేదంట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బంకలో వేపనూనె కలపాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇట్లాంటి తప్పులకు నవ్వుకోవచ్చు, మళ్ళీ పోయి సరిచేసి రావచ్చు. నేను ఇప్పుడు చెప్పబోయేది ఆ రకం కాదు.

రెడ్డిగారి సరదా

ఉదయగిరికి ఇవతల ఒక ఊళ్ళో రామచంద్రారెడ్డి అని భూస్వామి ఉండేవాడు. మంచి మనిషి, అది ముందే చెప్తున్నాను. ఆయనకు పేకాట లేదు, కోడిపందేల పిచ్చి లేదు. ఉన్న పిచ్చల్లా వాటంతట అవే కదిలే బొమ్మలు చేయడం. చావట్లో చాప పరుచుకుని, చుట్టూ కర్రముక్కలు, తాళ్ళు, కొమ్ములు వేసుకుని కూర్చునేవాడు. ఆయన పెట్టుకున్న నియమం ఒకటుండేది. ఇంట్లో లేని వస్తువు ఒక్కటి కూడా బొమ్మలో ఉండకూడదు, బజారులో కొన్నది అసలే పనికిరాదు. చేత కాని ముక్కలు చేసిపెట్టేదానికి నన్ను పిలిపించుకునేవాడు.

ధాత సంవత్సరం వానలు లేకుండా పోయినాయి. ఆ ఏడు ఆయన పెద్ద పని మొదలుపెట్టినాడు. ఎనిమిది కోలాటం బొమ్మలు ఒక కొయ్య చుట్టూ తిరగాల, తిరుగుతా ఎదురుబొమ్మ కోలను తన కోలతో కొట్టాల. పైనుంచి వేలాడే రోకలిబండ బరువుకు తాడు విడుచుకుంటా వస్తే చక్రాలు తిరుగుతాయి. వేగం మితిమీరకుండా తాటాకు రెక్కలు పెట్టినాము. చూసేదానికి ఎంత ముచ్చటగా ఉండేదో! కలివి కర్రతో చక్రాలు నేనే కోసినాను. ఆ ఎండలకు అంత ఆరిన కర్ర కూడా ఓర్చుకోలేకపోయింది. బండ బరువుకు పళ్ళు ఒకటొకటే రాలిపోయినాయి.

ఇత్తడి అయితేనే నిలుస్తాదని నేను చెప్పినాను. ఆయన తల గోక్కున్నాడు. తన ఇంట్లో ఇత్తడి ఉందని ఆయన అనబోయినాడో, లేక ఇంకేమన్నా అనబోయినాడో, నేను మాట సాగనీయలేదు. "ఇత్తడి సంగతి మీరు మరిచిపోండి రెడ్డిగారూ, నేను చూసుకుంటాను" అన్నాను. కంచరి బిడ్డనై పుట్టి ఇత్తడి కోసం రైతు ముందర చెయ్యి చాపడమా అని నాకు ఒక పొగరు. నిజానికి మా కొట్లో ఉన్న రేకంతా అప్పటికే గింజల కింద మారిపోయింది. మిగిలింది మా ఇంటిది నీళ్ళు పట్టుకునే గుండిగ ఒక్కటి. అది పలచనిది, పళ్ళు కోస్తే వంగిపోతాది.

ఆ కరువులో నా ఇంటిల్లిపాది తిన్నది ఆ బొమ్మల పని పెట్టిన కూడే. ఆయన ప్రతి వారం జొన్నలు పంపేవాడు. అది గుర్తు పెట్టుకోండి, నేను దాన్ని తర్వాత సాకుగా వాడుకున్నాను.

గురవమ్మ

ఉదయగిరి బాటమీది పల్లెలో గురవమ్మ అని ఒక ముండమోసిన మనిషి ఉండేది. కాస్త మెట్ట చేను, ఒక ఆడపిల్ల. ఆ పిల్ల పుట్టినప్పుడు గురవమ్మ తల్లి ఒక గుండిగ పెట్టింది, పాతకాలపు దళసరి ఇత్తడిది. బిడ్డ పేరు దాని భుజం మీద కొట్టించాలని నా దగ్గరికే తెచ్చినారు. చుక్కలు చుక్కలుగా ఉలితో "చెంచమ్మ" అని నేనే కొట్టినాను. ఏడాదికి ఒకసారి కళాయికి తెచ్చేవాళ్ళు. పిల్ల మిషన్ బడికి పోయి నాలుగు అక్షరాలు నేర్చుకుంది. అరుగు దగ్గర నిలబడి ఆ చుక్కల మీద వేలు పెట్టి, తిప్పుకుంటా చదివేది. తల్లికి చదువు రాదు. బిడ్డ చదువుతుంటే ఆ మనిషి మొహం చూడాల.

కరువు ముదిరినాక సముద్రం పక్కన కాలువ తవ్వే పని పెట్టినారని, పోయినవాళ్ళకు కూలి ఇస్తున్నారని తెలిసి జనం తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని బయలుదేరినారు. గురవమ్మ కూడా పిల్లను తీసుకుని బయలుదేరింది. పోతా పోతా గుండిగను నా అరుగు మీద దించింది.

"దారిలో ఎవురన్నా గుంజుకుంటారు ఆచారీ. అమ్ముకునేదానికి నాకు మనసు రాలేదు. వచ్చిందాకా నీ దగ్గర దాచిపెట్టు" అనింది.

పిల్ల వంగి ఒకసారి దాని మీద వేలు తిప్పింది. నేను దాన్ని లోపలికి తీసుకుపోయి అటక మీద బోర్లించినాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు.

కోత

కంచరి కన్ను పాడు కన్ను. ఏ ఇంటికి పోయినా అక్కడి మనుషుల కంటే ముందు వాళ్ళ సామాను కనపడతాది. గొడుగు కనపడదు, పుల్లలు కనపడతాయి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆ కన్ను లేకపోతే ఈ పని రాదు. ఆ కన్ను ఎప్పుడు మూయాలో తెలియకపోతే ఈ పని చేయకూడదు.

రెడ్డిగారి చక్రాల కోసం నాలుగు దినాలు తల పట్టుకుని కూర్చున్నాను. ఐదోనాడు అటక మీదికి చూసినాను. చూసినాక ఇంక నా కన్ను అక్కణ్ణించి రాలేదు. దించి, వేలి గోటితో కొట్టి చూసినాను. ఏం ఇత్తడి! ఇప్పుడు అట్లాంటి పోత ఎవరూ పోయరు. భుజం దగ్గర దళసరి, కొట్టి చదును చేస్తే నాలుగు చక్రాలకు సరిగ్గా సరిపోతాది.

మా ఇంటిది కామాక్షి పొయ్యి దగ్గర నుంచి చూసింది.

"అది గురవమ్మది గదా" అనింది.

"తెలుసు. వాళ్ళు వచ్చేలోపల ఇంకొకటి కొట్టి ఇస్తాను."

"ముందే వస్తే?"

"వస్తే చూద్దాం" అన్నాను.

ఆమె పొయ్యి వైపు తిరిగింది. "వస్తే చూద్దాం" అన్నమాటలో ఏముండిందో ఆమెకు కూడా తెలుసు. కాలువ పనికి పోయినవాళ్ళకు వాంతిభేది తగిలిందని అప్పటికే కబుర్లు వస్తా ఉండాయి. వాళ్ళు తిరిగి రారులే అనుకున్నాను. ఇన్నేండ్లకు రాస్తున్నాను, దాచేదేముంది? రాకపోతే అడిగేవాళ్ళు ఉండరు గదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

కైవారం పెట్టి గీతలు గీసినాను. ఒక చక్రం పేరు మీదికే వచ్చింది. కాస్త జరపవచ్చు, జరిపితే దళసరి చోటు పోతాది. జరపలేదు. చక్రం నడుమ ఇరుసు కోసం బరమాతో తొలిచిన చిల్లు సరిగ్గా ఆ పేరు మధ్యలో పడింది.

తర్వాత ఎవరన్నా అడిగితే ఆకలి చేయించిందని చెప్పుకున్నాను. బిడ్డల కడుపులు చూసి చేసినానని చెప్పుకున్నాను. పాపం అని విన్నవాళ్ళు కూడా తలాడించినారు. అది అబద్ధం. బొమ్మలు ఒక నెల ఆలస్యమైనా రెడ్డిగారు జొన్నలు ఆపే మనిషి కాదు, అది నాకు బాగా తెలుసు. నేను ఆ గుండిగను కోసింది ఆకలికి కాదు, ఇత్తడి బాగుందని కోసినాను. మంచి లోహం చేతికొచ్చింది, మంచి పని చేసి చూపించాలని కోసినాను.

బొమ్మలు అద్భుతంగా తిరిగినాయి. ఎనిమిది జతల కోలలు ఒక్కసారే టక్కుమని తగిలేవి. రెడ్డిగారి వాకిట్లో గంజి పోసేవాళ్ళు. గంజికి వచ్చినవాళ్ళు వరసలో కూర్చుని, తలుపుల సందులోంచి ఆ బొమ్మల కోలాటం చూసేవాళ్ళు. రెడ్డిగారు ఒకసారి చక్రాన్ని వేలితో తట్టి, ఇత్తడి ఎక్కడిదని అడిగినాడు. మా ఇంట్లోదే అన్నాను. ఆయన సంతోషించినాడు, బజారులో కొన్నది కాదు, నియమం తప్పలేదని.

తిరిగి రావడం

బహుధాన్యలో వానలు పడినాయి. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చినారు. గురవమ్మ కూడా వచ్చింది, ఒక్కతే. అరుగు ముందర నిలబడి, పిల్ల కాలువ దగ్గరే పోయిందని చెప్పింది. వాంతిభేది. ఒక్క పగటిలోనే అయిపోయిందంట. కప్పిపెట్టిన చోటు కూడా తనకు సరిగ్గా తెలియదనింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. చెప్పి, "గుండిగ ఇయ్యి ఆచారీ" అనింది.

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. కళాయి వేసి ఇస్తాను, నాలుగు దినాలాగి రా అన్నాను. నా నోట్లోనుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

లోపలికి పోయి కామాక్షిని తన గుండిగ ఇమ్మని అడిగినాను. ఇంట్లో ఉన్నదల్లా అదొక్కటే. ఆమె అందులోని నీళ్ళు కుండలోకి వంచి, బోర్లించి తుడిచి నా చేతిలో పెట్టింది. "తీసుకో. నా మీద ఒట్టు, ఇదే అదని మాత్రం చెప్పొద్దు" అనింది. సరేనన్నాను. కొలిమి పెట్టి, దాని భుజం సరిచేసి, అదే ఉలితో, అదే చేత్తో, అదే వరసలో పేరు కొట్టినాను. చింతపండు, బూడిదె పెట్టి తోమి పాతదానిలాగా చేసినాను. మా నాయన చూసినా పోల్చలేడనుకున్నాను.

గురవమ్మ వచ్చింది. నేను గుండిగను ఆమె ముందర పెట్టి, "చూసుకో, నీదే" అన్నాను. కామాక్షి లోపలి తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

గురవమ్మ దాన్ని ఎత్తింది. బరువు తేడా తెలిసింటాది. కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని, పేరు మీద వేలు తిప్పింది. చదువు రాని మనిషి గదా, ఏం తెలుస్తాదిలే అని నా ధైర్యం. మొదట మెల్లగా తిప్పింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి తిప్పింది.

"పేరు బాగానే కొట్టినావు ఆచారీ" అనింది. "మా పిల్ల వేలు తిరిగి తిరిగి ఈ చుక్కలన్నీ నునుపైపోయినాయి. ఇవి గుచ్చుకుంటా ఉండాయి."

ఆమె కోపంగా అనలేదు. గుండిగను అరుగు మీద మెల్లగా పెట్టి, నాది ఏమైందో చెప్పు అని కూర్చుంది. అప్పుడు చెప్పినాను. అంతా చెప్పినాను, బొమ్మల సంగతి కూడా. ఆమె విని లేచి వెళ్ళిపోయింది. నేను పెట్టిన గుండిగను గురవమ్మ మళ్ళీ ముట్టుకోలేదు.

అడగాల్సిన మాట

మర్నాడు పొద్దున్నే ఉదయగిరి వైపు నడిచి పోయినాను. రెడ్డిగారు చావట్లోనే ఉండాడు. ఎవరో చుట్టాలకు బొమ్మలు చూపిస్తా ఉండాడు. వాళ్ళు పోయిందాకా నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పినాను.

ఆయన నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళి రోకలిబండను రెండు చేతులతో ఎత్తి కిందికి దించినాడు. బొమ్మలు ఆగిపోయినాయి. తనే కూర్చుని చీలలు ఒకటొకటే లాగి, నాలుగు చక్రాలూ ఊడదీసినాడు. తర్వాత నన్ను పక్కగదిలోకి తీసుకుపోయి అటక చూపించినాడు. బిందెలు, తపేలాలు, తాంబాళాలు, ఆయన అవ్వ కాలం నాటివంట, బూజు పట్టి ఉండాయి.

"ఒక్కమాట అడిగింటే ఇంతా ఇచ్చేవాణ్ణి గదరా" అన్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగలేదు. కంచరి ఇత్తడి అడగడమా అని అడగలేదు, అంతే.

ఒక గుండిగ తీసుకుపొమ్మన్నాడు, ఆమెకిమ్మన్నాడు. నేను వద్దన్నాను. చక్రాలను తువ్వాలలో మూటగట్టి ఇచ్చి, "నా సరదా కోసం అయిందని ఆమెకు చెప్పొద్దు" అన్నాడు. నేను గడప దిగేలోపల మళ్ళీ పిలిచి, "లేదు, చెప్పు" అన్నాడు. ఆ బొమ్మలకు ఆయన మళ్ళీ చక్రాలు పెట్టలేదు. నన్ను కూడా మళ్ళీ పిలవలేదు. ఆయన పిలిచింటే పోయేవాణ్ణో లేదో నాకు తెలియదు.

నాలుగు చక్రాలు

తిరిగి వస్తా దారిలోనే గురవమ్మ పల్లెకు పోయినాను. గుడిసె ముందర నీడలో కూర్చుని ఉండింది. తువ్వాల విప్పి నాలుగు చక్రాలూ నేలమీద పెట్టినాను. కొత్త గుండిగ చేసిస్తాననో, కాళ్ళు పట్టుకుంటాననో అందామని పోయినాను. రెడ్డిగారి సరదాకు అయిందని మాత్రం చెప్పినాను. ఆమెకు అది పట్టినట్టు లేదు.

చక్రాలను దగ్గరికి జరిపి, అంచుకు అంచు ఆనించి చూసింది. పళ్ళు అడ్డం వచ్చి ఒకదానికొకటి ఆనలేదు. పేరున్న చక్రాన్ని చేతిలోకి తీసుకుంది. మొదట్లో కొన్ని చుక్కలు, చివర్లో కొన్ని చుక్కలు మిగిలినాయి. వాటి మీద వేలు పెట్టి జరుపుకుంటా వచ్చింది, నడుమ చిల్లు దగ్గర ఆమె వేలు దిగబడింది.

"ఇక్కడిది ఏది?" అనింది.

"తొలిచినాను గదా. పొడి పొడిగా రజనైపోయింది."

"ఏం చేసినావు దాన్ని?"

ఇత్తడి రజనును మేము మామూలుగా దాచుకుని మళ్ళీ కరిగిస్తాము. ఆ రోజు పని సొంపుగా కుదిరిన సంతోషంలో నేను దాన్ని కూడా దాచలేదు. "ఊడ్చి వీధిలో పోసినాను" అన్నాను.

ఆమె ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "అరుగుకు ఏ పక్క?" అని అడిగింది.

మరుసటి దినం పొద్దున గురవమ్మ చేట తీసుకుని వచ్చింది. నన్ను పలకరించలేదు. అరుగుకు ఎడమపక్క కూర్చుని, చేతివేళ్ళతో మట్టి గోకి చేటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. పోసి అప్పటికి ఏడాది దాటింది, మీద వానలు కూడా పడినాయి.  బజారులో పోయేవాళ్ళు ఆగి చూసి, ఏంది ఆచారీ అని నన్ను అడిగి పోతా ఉండారు. కాసేపటికి కామాక్షి మా చేట తీసుకుని బయటికి పోయి ఆమె పక్కన కూర్చుని మట్టి చెరిగింది. ఇద్దరూ పొద్దుగూకిందాకా చెరిగినారు. నేను గడప దాటలేకపోయినాను.